మూర్తి అంకుల్ పీకేసిన ఎర్ర ట్యాగ్

మే 10, శనివారం

మూర్తి అంకుల్ అబద్ధం చెప్పాడు. మా మెకానిక్ షాపులో తన పాత పికప్ ట్రక్కుతో లూయిస్ కాలు విరగ్గొట్టి, ఆ తప్పు నా నెత్తిన పెట్టాడు.

"బండి కదపొచ్చని అమ్మాయే చెప్పింది" అన్నాడట మా రిక్‌తో. నేను చెప్పింది ఇదీ — "ఇంజన్ స్టార్ట్ చేసి పూజ చేయించుకోండి అంకుల్, కదపకండి. బ్రేక్ పైపుల్లో ఇంకా గాలి ఉంది. తొక్కితే పెడల్ నేలకంటుతుంది." రెండుసార్లు చెప్పాను. తెలుగులోనే చెప్పాను.

మా షాపులో బ్రేకులు పూర్తికాని బండి స్టీరింగ్‌కి ఎర్ర ట్యాగ్ కడతాం. కట్టినవాళ్లే విప్పాలి. షాపు ఓనరు రిక్ కూడా దాన్ని ముట్టుకోడు. నిన్న సాయంత్రం నా చేత్తో కట్టాను. పొద్దున బ్రేక్ ఆయిల్ కోసం వెళ్లి వచ్చేసరికి... షాపు వాకిట్లో అంబులెన్స్. నేల మీద చితికిన నిమ్మకాయ. ఇంకా వాసనొస్తోంది.

రిక్ నా మొహం కూడా చూడలేదు. "గో హోమ్" — అంతే.

మే 11, ఆదివారం

నిద్ర లేదు.

అమ్మ నిన్న షాపులో పూజ దగ్గరే ఉంది, పులిహోర పట్టుకెళ్లింది. అడిగి అడిగి చెప్పించాను. రాహుకాలం వచ్చేస్తోందని పంతులుగారు తొందరపెట్టారట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. అంకుల్ ఎక్కి కూర్చుని, "చక్రం కదలకుండా వాహన పూజేంటండీ? ఒక్క అడుగే కదా!" అన్నాడట. కాయలు సరిగ్గా టైరు కిందే ఉన్నాయో లేదో చూడమని లూయిస్‌ని బండి ముందు నిలబెట్టాడు. లూయిస్ పెయింటర్. బ్రేకుల సంగతి అతనికేం తెలుసు. స్టీరింగ్‌కి ట్యాగ్ లేదు, అంటే బండి సిద్ధం — షాపులో ఎవరైనా అలాగే అనుకుంటారు.

అంకుల్ గేరు వేసి క్లచ్ వదిలాడు. ఆ పాత డొక్కులో ఇప్పుడున్నది పాత ఇంజనా? ఎనిమిది సిలిండర్ల వీ-ఎయిట్. ఎగిరి దూకింది. బంపరుకీ ఇనప బల్లకీ మధ్య లూయిస్ కాలు.

"మరి ట్యాగ్ ఏమైందే అమ్మా?"

"దండ వెయ్యడానికి అడ్డమొచ్చిందని ఆయనే పీకేశారే. అదేంటో నాకేం తెలుసు?"

చూసింది. కళ్లారా చూసింది.

మే 12

ఆ బండి గుర్తొస్తోంది. దాని మీద కూడా కోపమే.

ఏదో పొలంలో పడుంటే అంకుల్ కొనుక్కొచ్చాడు. ఫ్లోరు మొత్తం తుప్పు. కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసింది నేను. ముందు వైపు కిందికి దించింది, వెనక కొత్త యాక్సిల్ బిగించింది, వెనక తొట్టికి ఓక్ చెక్కలు పరిచింది నేను. కాలేజీలో నేర్చుకోలేదు — వీడియోలు చూసి, చేతులు కాల్చుకొని నేర్చుకున్నాను. ఆ లేత ఆకుపచ్చ లూయిస్ కలిపిన రంగు. ఎండలో ఒకలా, మా నోవై ఊరి మబ్బులో ఇంకోలా ఉంటుంది.

కూతురి పెళ్లికి పెళ్లికొడుకుని అందులో ఊరేగిస్తాడట అంకుల్.

మే 13, మంగళవారం

రిక్ ఫోన్. ఇన్సూరెన్స్ వాళ్లు శనివారం వస్తారు. ట్యాగ్ కట్టకుండా వెళ్లానని తేలితే ఉద్యోగం ఉండదు. "కట్టాను" అన్నాను. "నేను చూడలేదు" అన్నాడు. నిజమే, అతను చూడలేదు. శనివారం పైకి అనని అనుమానం ఇవాళ గొంతులో వినిపించింది. ట్యాగ్ కట్టదన్న పేరు పడితే ఈ చుట్టుపక్కల ఏ షాపూ నన్ను బ్రేకుల మీద చెయ్యి వెయ్యనివ్వదు.

లూయిస్ మెసేజ్ — నువ్వు ఓకే అన్నావట. ఎందుకన్నావ్?

జవాబు టైప్ చేశాను. కొట్టేశాను. మళ్లీ చేశాను. నేను చెబితే ఎలా నమ్ముతాడు? కాలులో రాడ్డు వేశారు.

మే 14, బుధవారం

అంకుల్‌కి నేనే ఫోన్ చేశాను.

"ఆఁ, చెప్పమ్మా! తిన్నావా?"

తిన్నానా!

"ట్యాగ్ మీరే తీశారు కదంకుల్."

"తీశానమ్మా, దండకి అడ్డమొచ్చింది. దానికింత రాద్ధాంతమా? నిన్నేం తప్పు పట్టలేదే నేను... మిస్‌అండర్‌స్టాండింగ్ అన్నానంతే."

"ఇదే రిక్‌కి చెప్పండి."

అంకుల్ గొంతు మారింది. "చూడు, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నాను. లాయర్లూ గీయర్లూ వస్తే నేనేమైపోవాలి? నువ్వు చిన్నదానివి, ఇక్కడ కాకపోతే ఇంకో షాపు. మీ అమ్మనడుగు, మీరు ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరి ఇంట్లో ఉన్నారో."

వాళ్ల బేస్‌మెంట్‌లో. నాకు పన్నెండేళ్లు. అవును, అన్నం పెట్టారు. మర్చిపోలేదు. అందుకేగా పూజకి ఒప్పుకున్నాను!

వంటింట్లో అమ్మ. "సారీ చెప్పేస్తే పోతుంది కదే. పెద్దాయన."

"నువ్వు చూసింది చెప్తావా, చెప్పవా?"

పప్పు కలుపుతూనే ఉంది. అటు తిరిగి.

మే 15, గురువారం

అమ్మ నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడను.

ఆసుపత్రికి వెళ్లాను. లూయిస్ గది తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. చేతిలో ఏం పెట్టుకొని వెళ్లాలి — నా మాట తప్ప.

పార్కింగ్‌లో కూర్చుని అంకుల్‌కి ఇది పంపాను. మార్చకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

"అంకుల్, నేను సారీ చెప్పను. ట్యాగ్ తీసింది మీరు, కదపొద్దన్న బండి కదిపింది మీరు. ముందు లూయిస్ దగ్గరికి వెళ్లి, మంచం పక్కన నిలబడి చెప్పండి. తర్వాత రిక్‌కి చెప్పండి. అమ్మ చేత కబురు పంపొద్దు. రేపు సాయంత్రం షాపు మూసేలోగా చెప్తారో చెప్పరో నాకు జవాబు కావాలి. రాకపోతే ఇన్సూరెన్స్ వాళ్ల ముందు అమ్మని కూర్చోబెట్టి అడుగుతాను, మీ ఎదురుగానే. రేపు సాయంత్రం. అంతవరకే."