పసుపుపచ్చ స్టీరింగు

పోచంపల్లి,
ఏప్రిల్ 1964

పట్నంల ఉన్న మా ఇంటాయనకు నీ అండాలు దండం పెట్టి రాస్తున్న. ఇక్కడ నేను, అత్తమ్మ, చిన్నోడు మంచిగనే ఉన్నం. అక్కడ నువ్వు గూడ మంచిగున్నవనుకుంటున్న. అనుకుంటున్న అని ఎందుకంటున్ననంటే, నీ ఉత్తరంల నువ్వు నడిపే డాక్టరమ్మ కారు ఎట్లున్నదో రాసినవు గని నువ్వెట్లున్నవో రాయలే.

ఎప్పుడూ భద్రమ్మ వదినతోని రాయించేదాన్ని. ఈసారి నేనే కూసొని రాస్తున్న. అక్షరాలు వంకరపోతే నవ్వకు. నాకున్న మంట ఇంకొకలతోని రాయించేది కాదు.

ముందుగాల నువ్వడిగినయి చెప్త. చిన్నోని మోకాలి పుండు మానింది. అత్తమ్మకు దగ్గు తగ్గింది, తిట్లు తగ్గలే. మగ్గం సంగతి ఆఖర్న రాస్త, అది ఒక్క మాటతోని అయ్యేది కాదు.

ఇగ నీ కారు సంగతి. రెండు కాగితాల ఉత్తరంల పెండ్లానికి ఒక్క వరుస, స్టీరింగుకు ఒకటిన్నర కాగితం! మీగడ రంగుండే స్టీరింగు, అద్దాలు దించే బుడిపెలు, తలుపుల మీది పట్టీలు అన్నీ పసుపుపచ్చగైనయంటివి. మొదలు కొన్నాయన చుట్టపొగకు, ఎండకు గట్లయినయంటివి. డాక్టరమ్మ మనసు చిన్నబోయిందంటివి. అయ్యో పాపం! ఉగాదికి వస్తనని రాకపోతివి, ఇక్కడ ఎవరి మనసూ చిన్నబోలేదా మరి?

నూలు తెల్లగైనట్టు తెల్లగైతదని సోడా ఉడకబెట్టి ఒక బుడిపెకు రుద్దితివట. డ్రైవరువైనా నీ చేతుల నేతపని పోలే. అదేమన్న నూలా? మెరుపంత పోయి సున్నం కొట్టినట్టయిందని నువ్వే రాసినవు. ఇగ సోడా జోలికి పోకు, గరుకు కాగితం జోలికి గూడ పోకు.

నాకు తెలిసిందొకటి చెప్త. చిన్నోని పుండుకు దవాఖానల నురుగుమందు ఇచ్చిండ్రు, పుండు మీద పోస్తె బుసబుస పొంగుతది. ఆ సీసా ఒరిగి, పెండ్లప్పుడు నువ్వు తెచ్చిన తెల్ల దువ్వెన మీద పడ్డది. నూనెకు, ఏండ్లకు అది గూడ పచ్చబడ్డదే. కడగకుంటనే గోడ మీద ఎండల పెట్టి మరిచిపోయిన. పొద్దుగూకినంక చూస్తె మందు పడ్డ పక్క తెల్లగున్నది, పడని పక్క పచ్చగనే ఉన్నది. రెండో పక్కకు గూడ పూసి పెడితె అది గూడ తెల్లబడ్డది. నువ్వు ముందు సబ్బునీళ్లతోని జిడ్డు పోగొట్టు. మందుల తడిపిన తెల్లగుడ్డ చుట్టి ఎండల పెట్టు, గుడ్డ ఆరనియ్యకు. ఎవరికీ కనబడని ముక్క మీద మొదలు చూసుకో. సీట్ల మీద పడితె రంగు పోతది. చేతులకు అంటితె చురుక్కుమంటది, జర పైలం. నీ చేతుల ఫికర్ నాకుంటది, నీ డాక్టరమ్మకుంటదా?

గింత మంచిగ చెప్పిందని నా మనసు సల్లగున్నదనుకోకు. డాక్టరు మంజులతమ్మ గిట్లన్నది, మంజులతమ్మ నవ్వింది, మంజులతమ్మకు తెల్లరంగంటే పానం అని రాస్తవు. ఆ పేరు వింటేనే నాకు కడుపుల మండుతది. ఆమెకు ఎంత ఈడుంటదో ఒక్కనాడన్న రాసినవా? కూలికి నూలు కండెలు చుట్టుకుంట ఆమెకు పట్టుచీర కట్టి, పూలు పెట్టి, నీ పక్క సీట్ల కూసోబెట్టి చూసుకున్న. ఎన్ని దారాలు తెంపుకున్ననో అత్తమ్మనడుగు.

ఇగ దాసిపెట్టిన ముచ్చట చెప్త, కోపం చెయ్యకు. పోయిన శుక్రవారం నేను పట్నం వచ్చిన. నూలుకద్దే రంగులు కొనుక్కొస్తనని అత్తమ్మకు చెప్పి పొద్దుగాల బస్సెక్కిన. అడుక్కుంట అడుక్కుంట మీ దవాఖాన కాడికి వచ్చి, ఎదురుంగ చెరుకురసం బండి ఎనక నిలబడ్డ. నీ కారొచ్చి ఆగింది. డాక్టరమ్మ దిగింది. ఓయమ్మో, తలంత ముగ్గుబుట్ట! మెట్లెక్కనీకె నీ చెయ్యి పట్టుకున్నది. "మెల్లగ అమ్మా, మెల్లగ" అంటివి. నాకు సిగ్గయింది, నవ్వు గూడ వచ్చింది. గీ ముసలామెనా నా నిద్ర చెడగొట్టింది! ఉరికొచ్చి నిన్ను పిలుద్దామనుకున్న.

గంతల నువ్వు మల్ల కార్ల కూసున్నవు. భుజం మీది తువ్వాల తీసి స్టీరింగు తుడిచినవు. మెల్లమెల్లగ, సంటిపిల్ల మొకం తుడిచినట్టు. నోటితోని ఊదినవు, మల్ల తుడిచినవు. ఏదో మాట్లాడినవు గూడ, పెదవులు కదిలినయి. నాతోని గంత నిమ్మలంగ మాట్లాడి ఎన్నాళ్లయిందో నీకన్న యాదికున్నదా? నేను ఎనక్కి తిరిగిన. పిలువకుంటనే బస్సెక్కిన. రంగులు గూడ కొనలే, అత్తమ్మ ఇంకా తిడుతనే ఉన్నది.

డాక్టరమ్మ మీది కుళ్లు ఆడనే పోయింది. ఆ కారు మీదిది పోలే. మనిషైతే కొట్లాడుదును, సిగ పట్టుకుందును. దానికి ఏం పట్టుకోవాలె చెప్పు?

ఇప్పుడు మగ్గం. మీ తమ్ముడు ఎల్లేశంకు ఇచ్చెయ్యమన్నవు. ఇయ్య. నూలు దొరకని రోజులల్ల డ్రైవరు పనికి పోతివి, ఆర్నెల్లే అంటివి, రెండేండ్లయింది. ఆ మగ్గం గూడ పోతే నువ్వు ఈ ఇంటికి సుట్టం లెక్కనే వస్తవు. మగ్గం గుంటను రోజూ నేనే ఊడుస్తున్న, సాలెగూడు కట్టనిస్తలేను. ఎల్లేశం అడిగితె నా పేరు చెప్పు.

గీతలు పడకుంట తుడవనీకె మెత్తటి పాతగుడ్డ పంపమంటివి. ఈ ఉత్తరంతోని పంపుతున్న. గుర్తుపడతవో లేదో చూస్త. పెండ్లైన ఏడు నువ్వే నూలుకు పూలముళ్లు కట్టి, రంగులద్ది, నాకోసం నేసిన ఎర్రచీర కొంగు అది. కట్టి కట్టి మెత్తబడ్డది. దానికి మందు తగలనియ్యకు, ఉత్తగ తుడిచేదానికే. చింపుతుంటె "పిచ్చి లేసిందా నీకు?" అన్నది అత్తమ్మ. లేసిందన్న. ఆ కారును ఎంత తుడుస్తవో తుడువు, తుడిచినప్పుడల్ల నీ చేతుల నా కొంగుండాలె.

కొంగు లేని చీర కట్టుకొని నలుగుట్ల తిరగలేను. నాకు కొత్తది కావాలె, కొన్నది కాదు. మగ్గం ఈడనే ఉన్నది. వచ్చి నెయ్యి.

ఇట్లు
నీ ఇంటిది,
అండాలు