ఇరవై నాలుగులోగా అందాల్సిన కాగితం

యారండా స్టేషన్,
ఏప్రిల్ 3, గురువారం

ప్రియమైన నాన్నకు,

ముందు కాగితం సంగతి, తర్వాతే వరద కబుర్లు. దీనితో పాటు మా పెళ్లి నోటీసు పెడుతున్నాను. బ్రైస్ మార్చిలోనే సంతకం చేశాడు. నేను నిన్న, హెలికాప్టర్‌లో వచ్చిన పోలీసాయన ముందు చేశాను. మే 24న పెళ్లి జరగాలంటే ఇది నెల ముందు, అంటే ఏప్రిల్ 24లోగా, కడీనాలో మార్లీన్ గారికి అందాలి. పెళ్లి జరిపించేది ఆవిడే అయినా చట్టం ఆవిడ చేతిలో లేదు. ఒక్కరోజు ఆలస్యమైతే ఎనభై ఆరుమంది వచ్చి తిని వెళ్లడమే మిగులుతుంది, మాకు పెళ్లి కాదు. కాబట్టి నువ్వే కారులో వెళ్లి చేతికిచ్చి రా.

ఈ పశువుల క్షేత్రం చుట్టూ దారులన్నీ నీళ్లలో ఉన్నాయి. గాలివానకు ఇంటర్నెట్ డిష్ వంగిపోయింది, బాగుచేసేవాడు రావాలంటే వరద తీయాలి. శాటిలైట్ ఫోన్ ఒకటుంది గానీ ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోనివ్వరు. ముగ్గురు పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చినదాన్ని, ఇప్పుడు ఇసుక బస్తాలు కూడా మోస్తున్నాను. గురువారం వచ్చే తపాలా విమానమే మాకు దిక్కు.

నీ పక్కింటిని కొనుక్కున్నామన్న మాటే గానీ దాని గోడలు ఎలా ఉన్నాయో చూసి రెండు నెలలైంది. పని ఎంతవరకు వచ్చిందో రాయి.

నీ కెరెన్సా

*

మూంటా,
ఏప్రిల్ 8

బంగారు తల్లికి,

కాగితం నిన్న అందింది, నిన్ననే పంపేశాను. ఆ మాత్రానికి కడీనా దాకా కారు తీయడం దేనికి? మెషీన్ మీద పెట్టి కాపీ తీసి, కంప్యూటర్‌లోంచి మార్లీన్‌కి పంపాను. నలభై ఏళ్లు పంపులు బాగుచేసినవాడికి ఇది ఒక లెక్కా?

ఇక మీ ఇల్లు. గని కార్మికులు ఎప్పుడో కట్టుకున్న మట్టిగోడలు కదా, మోకాలెత్తు దాకా ఉప్పు చెమ్మ పట్టింది. గీకినకొద్దీ రాలుతోంది. బ్రైస్ రోజూ పనికి ముందో తర్వాతో వచ్చిపోతాడు, శని, ఆదివారాలు ఇక్కడే ఉంటున్నాడు. మాట తక్కువ, పని ఎక్కువ. పోయిన వారం వాన నీటి గొట్టానికి కాలువ తవ్వుతుంటే నా గునపం తగిలి మా ఇంటర్నెట్ వైరు తెగింది. కంపెనీవాణ్ణి పిలిస్తే మూడు వారాలంటాడు. నేనే అతికి టేపు చుట్టాను, ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. "డెస్, తెలిసినవాణ్ణి ఎవరినైనా పిలుద్దామా?" అని నన్ను అడిగాడు బ్రైస్. మన ఇంటావంటా ఉందా, బయటివాణ్ణి పిలిచే అలవాటు? నవ్వి ఊరుకున్నాను.

వంటగది టైల్స్ గురించి అతను నీకు విడిగా రాస్తాడట. నువ్వు నిశ్చింతగా ఉండు.

ప్రేమతో,
నాన్న

*

యారండా,
ఏప్రిల్ 24

నాన్నా,

పైలట్ టీ తాగి లేచేలోపు ఇది ఇచ్చేయాలి.

టైల్స్ నీలమా, తెలుపా అని బ్రైస్ ఉత్తరం వచ్చింది. రెండు వైపులా నిండా రాశాడు, కొలతలతో సహా. ఏవైనా సరేనని చెప్పు.

ఒకటి అడుగుతాను, నవ్వకు. పని చేస్తూ ఎప్పుడైనా బ్రైస్ నా మాట ఎత్తుతాడా? ఎత్తితే ఏమంటాడు?

నీళ్లు తగ్గుతున్నాయి. మే నెల మధ్యకల్లా దారి తెరుస్తారని అంటున్నారు. నీ నడుము జాగ్రత్త.

కెరెన్సా

*

మూంటా,
ఏప్రిల్ 29

కెరెన్సా తల్లీ,

నాన్చకుండా చెప్పేస్తాను. నీ కాగితం మార్లీన్‌కి అందలేదు.

నిన్న పెళ్లి విందుకు మాంసం కూరిన పాస్టీలు పురమాయించడానికి కడీనా బేకరీకి వెళితే ఆవిడ వరసలో నిలబడి ఉంది. అంతా సిద్ధమేనా అని హుషారుగా అడిగాను. ఆవిడ నన్ను అదోలా చూసి, "కాగితం లేకుండా సిద్ధమేమిటి డెస్?" అంది. బేకరీలో అందరూ మా వైపు తిరిగారు. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచి చూస్తే, మూడు వారాలుగా అది కదలకుండా అక్కడే కూర్చుని ఉంది. నేను వేసిన అతుకులో తడి చేరింది. దీపం వెలిగితే చాలు, అంతా వెళుతోందనుకున్నాను.

మళ్లీ పరుగెత్తి మార్లీన్‌ని బతిమాలాను. నెల అంటే నెలే అంది. ఇంకేదో చెప్పబోయి ఆగి, ముందు అమ్మాయికి రాయి అని పంపేసింది.

బ్రైస్ తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. బకెట్ బోర్లించి కూర్చున్నాడు. "తనకెవరు చెబుతారు?" అని మాత్రం అడిగి, లేచి స్నానాలగది టైల్స్ సందుల్లో సిమెంటు పూయడం మొదలుపెట్టాడు. నీ మాట ఎత్తుతాడా అని అడిగావు కదా, నేను విన్నంతలో అదొక్కటే.

కారు తీస్తే ఇరవై నిమిషాల దారి. నువ్వు చెప్పావు కూడా. నా మొండితనంతో నీ పెళ్లి చెడగొట్టాను. ఎంత తిట్టినా పడతాను గానీ, రాయకుండా మాత్రం ఉండకు.

నాన్న

*

యారండా,
మే 2

నాన్నా,

నిన్ను తిట్టే ముఖం నాకు లేదు. చివరిదాకా చదువు.

ఈస్టర్ ఆదివారం నాడు ఇక్కడి యజమానురాలు పండగ కదా అని మా అందరికీ తలా అయిదు నిమిషాలు శాటిలైట్ ఫోన్ ఇచ్చింది. నేను మార్లీన్ గారికి చేశాను. కాగితం రాలేదంది. "ఇంకా నాలుగు రోజుల గడువుందమ్మా, మీ నాన్నకు నేను చెప్పనా?" అంది. వద్దండీ, నేనే చెబుతానన్నాను. ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉన్నాయి, ఫోన్ నా చేతిలోనే ఉంది. వెనక్కి ఇచ్చేశాను.

నాకు ప్రాణం తేలికపడింది నాన్నా. ఎందుకు తేలికపడిందా అని అప్పుడు భయం వేసింది.

బ్రైస్ నన్ను పెళ్లి చేసుకుంటావా అని ఎప్పుడు అడిగాడో గుర్తుతెచ్చుకోబోయాను. ఒకరోజు ఇంటికప్పు కారితే ఇద్దరం ఎక్కి బాగుచేశాం. దిగాక, పెళ్లి లోపు వంటగది కూడా అయిపోతుందన్నాడు. పెళ్లి మాట మా మధ్యకు వచ్చింది అలా. నాలుగేళ్లలో మేం చెప్పుకున్నవి తవ్వి చూస్తే గొళ్లేలు, రంగులు, పైపులే తగులుతున్నాయి. అతనికి కావాల్సింది నేనా, ఇల్లు పూర్తి కావడమా? నాకేం కావాలో నేనూ చూసుకోలేదు, పనిలో పడిపోయాను.

నేను నోరు మూసుకుంటే ఆ తప్పు నీ నెత్తిన పడుతుందని నాకు తట్టనే లేదు. నీ ఉత్తరం చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను క్షమించు. బ్రైస్‌కి ఇదే మాట వేరే కవరులో రాశాను. మే 24న పెళ్లి లేదు. తర్వాతైనా ఉందో లేదో నాకు తెలియదు.

కెరెన్సా

*

మూంటా,
మే 14

నా తల్లీ,

కవర్లు రెండూ సోమవారం వచ్చాయి. అతనిది అతనికిచ్చాను. నిచ్చెన మీద నిలబడే చదివాడు. దిగి వచ్చి, "డెస్, నేను నిజంగానే అడగలేదా?" అన్నాడు. తర్వాత అతనికి కోపం వచ్చింది. గడువుకు నాలుగు రోజుల ముందే తెలిసి నువ్వు ఒక్క ముక్క చెప్పలేదని, సుత్తి తీసి పెరట్లోకి విసిరాడు. అదీ నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నాకు మాత్రం రాలేదా కోపం? బేకరీలో పోయిన పరువు నాది. కానీ నేను నీకు రాసిందంతా తలచుకుంటే గునపం, వైరు, చెమ్మ. ఈ పెళ్లి నీకిష్టమేనా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఆ పని మరిచిపోయింది అతనొక్కడే కాదు.

నిన్న పొద్దున్నే బ్రైస్ వచ్చి ఆ తపాలా విమానంలో మనుషుల్ని ఎక్కించుకుంటారా అని అడిగాడు. కనుక్కున్నాను. పైలట్ పక్కన ఒక్క సీటు ఉంది.

పెళ్లికి వచ్చేవాళ్లెవరినీ నేను వద్దనలేదు. పెళ్లి ఉన్నా లేకపోయినా ఆ రోజు పాస్టీలు తింటారు, నాతో కబుర్లు చెబుతారు. ఎవరేమడిగినా నేను చూసుకుంటాను. దాని బరువు నీ మీద పెట్టుకోకు.

ఈ ఉత్తరం తపాలా సంచీలో రాలేదని నీకీపాటికి తెలిసే ఉంటుంది. తెచ్చిన మనిషి నీ ఎదురుగా నిలబడి ఉన్నాడు. దారంతా ఒకే ఒక్క మాట నెమరువేసుకుంటూ వచ్చి ఉంటాడు. ఇంటి కోసమో నా కోసమో జవాబు చెప్పకు. ఇది మడిచి జేబులో పెట్టుకో, ముందు అతన్ని అడగనివ్వు.

నాన్న