మూడో పేజీలోని వాక్యం

రేపల్లె,
గురువారం సాయంత్రం.

పూజ్యులైన నాన్నగారికి,

సాయిసుధ నమస్కరించి రాస్తున్నది. నేనూ, మీ అల్లుడూ, శ్రీజా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ మీరూ అమ్మా కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. మనసు బాగుందని మాత్రం రాయలేను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మీకు ఉత్తరమంటే ఇంగ్లీషులోనే రాయాలి. హాస్టల్లో ఉన్నప్పుడు నేను రాసిన ప్రతి ఉత్తరాన్నీ ఎర్రసిరాతో దిద్ది తిరుగు టపాలో పంపేవారు. ఉద్యోగం వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు మనం. ఈసారి తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంగ్లీషులో అయితే ఏదో ఒక పెద్ద మాట వెనక దాక్కుంటానని భయం.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. కళ్ళజోడు మార్పించాను. శ్రీజకి జ్వరం తగ్గి బడికి వెళుతోంది. మీ అల్లుడిని ఇంకో ఏడాది బాపట్ల ఆఫీసులోనే ఉంచారు, రోజూ బస్సులో వెళ్ళి రావడమే. అమ్మ మోకాళ్ళకి ఆ నూనె ఇక్కడ దొరకలేదు. మీ చెవి మిషను పనిచేయడం లేదని డబ్బాలో పెట్టేశారట, ఒకసారి గుంటూరు తీసుకెళ్ళి చూపించండి.

చివర్లో ఇంకొకటి అడిగారు. వీడియోలో ఇంగ్లీషు మాట్లాడిన ఆ పడవల అబ్బాయి ఎలా ఉన్నాడు అని. నాన్నగారూ, ఈ ఉత్తరమంతా దానికే జవాబు.

మణికంఠ నిజాంపట్నం రేవులో పెరిగాడు. తండ్రి గంగయ్య సముద్రంలోనే పోయాడు. తల్లి అంకాలమ్మ రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతుంది. వాడు పది తప్పి, పదేళ్ళుగా ఇతరుల బోట్లలో కూలికి వెళ్ళేవాడు. రెండేళ్ళ కింద బాపట్లలో మా ఇంగ్లీషు టీచర్లకి పది రోజుల శిక్షణ ఇచ్చారని రాశాను కదా, అది అయ్యాక నేను మా బడి వరండాలో సాయంత్రాలు పెద్ద పిల్లలకీ, చదువు మానేసిన కుర్రాళ్ళకీ ఇంగ్లీషు క్లాసు పెట్టాను. దానికి మొదటిరోజు వచ్చిన ఏడుగురిలో వాడొకడు.

మీరు వచ్చి చూసి, ఇది క్లాసా, సంతా అని అడిగిన క్లాసే అది. గుండ్రంగా కూర్చోబెట్టేదాన్ని. ఒకడి చేతిలో బొమ్మ ఉంటే, చూడనివాడికి దాన్ని ఇంగ్లీషులో చెప్పాలి, వాడు విని గీయాలి. ఒకరు కొనేవాళ్ళు, ఒకరు అమ్మేవాళ్ళు. ఒకరు కెప్టెను, ఒకరు బోటు నడిపే సరంగు. తెలుగులోకి మార్చి చెప్పడం లేదు, తప్పు పట్టడం లేదు, వ్యాకరణం అసలే లేదు. ఎవరి మాటలు వాళ్ళు ఫోన్లో రికార్డు చేసుకుని ఇంటికెళ్ళి వినాలి. మణికంఠ నోటి నుంచి వచ్చిన మొదటి వాక్యం "మై బోట్ నో బ్రేక్". అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. నేను దిద్దలేదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆ మనిషి ఎవరు ఎదురొచ్చినా తడబడకుండా మాట్లాడాడు. ఇరవై ఏళ్ళు తలొంచుకుని బతికినవాడు నా కళ్ళముందే తలెత్తాడు. అది నిజం నాన్నగారూ. ఇప్పటికీ దాన్ని కాదనలేను.

పోయిన జూలైలో బాపట్ల టీచర్ల సమావేశంలో వాడి వీడియో వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు, నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. మీకు వినబడదని మాటలన్నీ కింద రాయించి మరీ పంపాను. మీరు ఒక్క వరుస రాశారు. "మాట్లాడుతున్నాడు, సంతోషం. చదవగలడా?" అని. నాకు ఒళ్ళు మండింది. దుగ్గిరాల బడిలో ముప్పై ఏళ్ళు వాక్యంలో ముందు క్రియ ఎక్కడుందో వెతకండి అని చెప్పిన మనిషికి, ఒకడు నోరు విప్పితే ఎలా ఉంటుందో ఏం తెలుసు అనుకున్నాను. దసరా దాకా మీకు జవాబు రాయనిది అందుకే. పని ఒత్తిడి అని రాశాను, అది అబద్ధం.

ఆగస్టులో ఒక ఏజెంటు ద్వారా మణికంఠకి గల్ఫులో ఓడలకి సరుకు చేరవేసే బోటు మీద పని వచ్చింది. ఫోన్లోనే ఇంటర్వ్యూ. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అక్కడికక్కడే తీసుకున్నారు. పదకొండు పేజీల ఒప్పంద పత్రం పంపారు, సంతకం పెట్టి సెప్టెంబరులో వెళ్ళాడు. మూడు నెలలు బాగానే ఉన్నాడు. డిసెంబరులో వాణ్ణి వేరే ఓడలోకి మార్చారు. అది పాత ఓడ. రేవుకి దూరంగా లంగరు వేసి ఉంది, ఇంజను పనిచేయదు. కెప్టెను ఒకరోజు ఒడ్డుకి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆరుగురు మిగిలారు. నీళ్ళూ బియ్యమూ ఎవరైనా తెచ్చి ఇస్తే ఉన్నట్టు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర ఉన్నాయి. ఏజెంటు ఫోను ఎత్తడు.

ఆ ఆరుగురిలో ఇంగ్లీషు మాట్లాడగలిగేది మణికంఠ ఒక్కడే. రేడియోలో పోర్టు ఆఫీసుతో మాట్లాడేది వాడే. వాళ్ళు మర్యాదగానే వింటారట, విని, మీ ఒప్పందంలో ఏ షరతు ప్రకారం అడుగుతున్నారో రాసి పంపండి అంటారట. సిగ్నలు దొరికినప్పుడు నాకు మాటలు రికార్డు చేసి పంపుతాడు. జనవరిలో పంపినది నాకు కంఠతా వచ్చు.

"వాళ్ళు మాట్లాడితే నాకర్థమవుతుంది మేడమ్. నేను మాట్లాడితే వాళ్ళకీ అర్థమవుతుంది. కాయితంలో ఏముందని అడుగుతున్నారు. అది చెప్పలేకపోతున్నా."

అంకాలమ్మ చేపలు అమ్ముడవగానే రోజూ మధ్యాహ్నం బడికి వస్తుంది. గేటు దగ్గర నిలబడుతుంది, లోపలికి రమ్మన్నా రాదు. ఏమైనా తెలిసిందా అని అడుగుతుంది. లేదంటే వెళ్ళిపోతుంది. ఏజెంటు మోసం చేశాడని ఆవిడకి చెప్పాను. మీ అల్లుడికీ, మా హెడ్మాస్టరుకీ అదే చెప్పాను.

నాన్నగారూ, ఇంతదాకా ఒక సంగతి వదిలేసి రాశాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టకముందు మణికంఠ దాన్ని నా దగ్గరికి తెచ్చాడు. భోజనాల వేళ, స్టాఫ్ రూములో తోటి టీచర్లు నలుగురు ఉన్నారు. "ఒకసారి చూసి చెప్పండి మేడమ్, మీరు పెట్టమంటే పెడతా" అన్నాడు. మొదటి పేజీ చదివాను, రెండోదీ అర్థమైంది. మూడో పేజీలో ఒక వాక్యం తొమ్మిది వరుసలుంది. సగానికి వచ్చేసరికి ఎవరు, ఎవరిని, ఏం చేయవచ్చంటున్నారో తప్పిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ తప్పిపోయింది. వాడు నా ముఖంలోకి చూస్తున్నాడు. పక్క బల్ల దగ్గర జయలక్ష్మి టీచరు అన్నం కలుపుతూ వింటోంది. ఇంగ్లీషు టీచర్ని, సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని. మిగతా పేజీలు చదువుతున్నట్టు తిప్పాను, నాన్నగారూ. తిప్పి, "ఇవన్నీ మామూలు రూల్సే, సంతకం పెట్టు" అన్నాను. వాడు దండం పెట్టాడు. ఒక జిరాక్స్ నా దగ్గర ఉంచి, మీ దగ్గరుంటే ధైర్యం అన్నాడు.

ఆ సాయంత్రమే మీకు పంపి ఉండవచ్చు. మీ తెనాలి ఎంత దూరం? మీకు పంపాలని తోచింది కూడా. పంపితే మీరన్న మాటే నిజమని నేను ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను. ఒక మనిషి బతుకుకీ మీ మీద నా కోపానికీ మధ్య నేను కోపాన్ని ఎంచుకున్నాను. దీన్ని ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు.

మొన్న మీ అల్లుడు ఫోన్లో అనువాదం చేసి చూద్దామన్నారు. ఆ వాక్యాన్ని రెండుసార్లు ఇచ్చాం. ఒకసారి పనివాణ్ణి వెనక్కి పంపే బాధ్యత కంపెనీది అని వచ్చింది, ఇంకోసారి కంపెనీకి ఆ బాధ్యత లేదు అని వచ్చింది. ఆయన నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత ఆయనకి జరిగింది చెప్పాను. ముందు ఆ తల్లికి చెప్పు అన్నారు.

నిన్న చెప్పాను. అంకాలమ్మ గేటు దాకా వచ్చే లోపల నేనే మార్కెట్‌కి వెళ్ళాను. చుట్టూ ఆడవాళ్ళు బేరాలాడుతున్నారు. కాగితం నాకు అర్థం కాలేదని, అర్థమైనట్టు నటించానని, ఏజెంటు ఎంత చేశాడో నేనూ అంత చేశానని చెప్పాను. ఆవిడ చేతిలో కత్తి పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీకు చదవను రాలేదా టీచరమ్మా?"

"రాలేదమ్మా."

"మావోడు మిమ్మల్ని అడక్కుండా అన్నం కూడా తినేవోడు కాదు" అంది. అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. బేరానికొచ్చిన ఒకావిడ ఆగి మమ్మల్నే చూస్తోంది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి అంకాలమ్మే మళ్ళీ అంది: "ఏడిస్తే ఏమొస్తది. చదవను వచ్చినోళ్ళు ఎవరున్నారో చెప్పండి. ఎంత దూరమైనా ఎల్తాను."

నాకు తెలిసినవాళ్ళలో మీరొక్కరే ఉన్నారు, నాన్నగారూ.

అందుకే ఆవిడ మీ దగ్గరికి వచ్చింది. ఈ ఉత్తరం మీ చేతికిచ్చిన మనిషే అంకాలమ్మ. రేపు ఉదయం ప్యాసింజరు ఎక్కిస్తాను. ఆవిడ ఏం చెప్పినా మీకు వినబడదు, ఆవిడకి రాయడం రాదు. అందుకే అన్నీ ఇందులో పెట్టాల్సి వచ్చింది. నేనే వెంటబెట్టుకుని రావాలి. పదో తరగతి పరీక్షల డ్యూటీ వేశారు, అది నిజమే. సెలవు అడిగితే ఇస్తారు, అదీ నిజమే. మీ ముఖం చూసే ధైర్యం ఇంకా రాలేదు.

కాగితం పదకొండు పేజీలూ లోపల పెట్టాను. నాకు అర్థం కానిచోట్ల పెన్సిలుతో గీత గీశాను, చాలా ఉన్నాయి. వాణ్ణి వేరే ఓడలోకి మార్చే హక్కు నిజంగా వాళ్ళకుందా, వెనక్కి తెచ్చే భారం ఎవరిది, ఈ రెండూ ముందు చూడండి. తర్వాత, ఏ షరతు ఎన్నో నంబరో వేసి పోర్టు ఆఫీసుకి ఒక ఉత్తరం ఇంగ్లీషులో రాసి ఇవ్వండి. దాన్ని ఫోటో తీసి వాడికి పంపుతాను. సోమవారం బాపట్ల కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు, అంకాలమ్మతో నేనూ వెళ్ళి ఒక కాపీ ఇస్తాను. సంతకానికి ముందు ఎవరు చూశారని అక్కడ అడిగితే నా పేరు చెబుతాను.

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టండి, నేల మీద కూర్చుంటానంటుంది. అమ్మని కాఫీ కాదు, అన్నం పెట్టమనండి. కాగితంలో చెడుగా ఉంటే చెడుగానే చెప్పండి, ఆవిడ తట్టుకుంటుంది. నన్ను కాపాడటానికి ఒక్క మాట కూడా మార్చకండి.

ఆ క్లాసు ఆపేయనా అని రోజూ అనుకుంటున్నాను. ఆపితే మిగతా పిల్లల నోళ్ళు మూసుకుపోతాయి. ఆపకపోతే ఏ ముఖంతో నిలబడాలో తెలియడం లేదు. నోరు విప్పించడం తప్పు కాదు నాన్నగారూ, ఆ ఓడలో ఆరుగురికీ ఉన్న గొంతు మణికంఠ ఒక్కడిదే. సగం నేర్పి మొత్తం నేర్పినట్టు చప్పట్లు కొట్టించుకోవడం నా తప్పు. ఆ మిగతా సగం నాకే రాదు. ఈ వయసులో మీ ముందు కూర్చుని నేర్చుకుంటానంటే నేర్పుతారా?

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మణికంఠ దగ్గర నుంచి ఆదివారం మాట వచ్చింది. నీళ్ళు ఇంకో తొమ్మిది రోజులకి సరిపోతాయట. ఓడలో మిగతావాళ్ళు, కాగితంలోనే ఏదో మోసముందని రోజూ గొడవ పడుతున్నారట. వాడు వాళ్ళకి ధైర్యం చెబుతున్నాడు. "మా మేడమ్ మొత్తం చదివి సంతకం పెట్టమన్నారు, కాయితం మంచిదే, వీళ్ళే మాట తప్పుతున్నారని చెప్పాను మేడమ్" అన్నాడు.

దానికి నేనింకా జవాబు పంపలేదు.

ఇట్లు,
మీ అమ్మాయి,
సాయిసుధ