సబ్బు రేపరు మీది ముఖం

ట్రేడ్ మార్కుల విచారణాధికారి గారి సముఖమునకు, ఇంట్లో సబ్బులు చేసి అమ్ముకునే స్త్రీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సీలు వేసిన సబ్బుల విడుదల కొరకు మా అమ్మ వాంగ్మూలం మరల నమోదు చేయుట గురించి.

1. నేనూ మా అక్కా కవలలం. అక్క బతికున్నప్పుడు తన ఫోటోను ఒక సబ్బుల కంపెనీకి ఇచ్చి, ఒప్పందం ప్రకారం సొమ్ము తీసుకున్నది. కంపెనీ ఆ ముఖాన్ని ట్రేడ్ మార్కుగా రిజిస్టరు చేయించుకున్నది. ఇందులో నాకు అభ్యంతరం లేదు. అక్క నిరుడు జబ్బు చేసి చనిపోయింది. ఆమె ముఖం మాత్రం ప్రతి కొట్లోనూ ఉన్నది.

2. నేను మా వంటగదిలో సబ్బులు పోసి, కోసి, ఆరబెట్టి అమ్ముతాను. రేపరు మీద నా ఫోటో వేయించాను. తీసినది మా ఆయన. తీసినవారికే కాపీరైటు ఉంటుందని తెలుసుకుని ఆయన సంతకంతో అనుమతి పత్రం జతపరిచాను. విచారణ రోజున తమరు చదివి "ఇది సరిగ్గానే ఉందమ్మా" అన్నారు. ఆ రోజు సరిగ్గా ఉన్నది అదొక్కటే.

3. నేను వేసినది అక్క ఫోటోయేనని కంపెనీ వారి ఫిర్యాదు. నాదని తేలితే సరుకు వదిలిపెడతామనీ, అక్కదని తేలితే రేపర్లతో సహా ధ్వంసం చేస్తామనీ తమరు సెలవిచ్చారు. వ్యాపారంలో వాటా ఉన్నందున మా ఆయన మాట చెల్లలేదు. ఫోటో తీసిన ఫోను నీళ్లలో పడి పాడైంది. ఇరుగుపొరుగువారు మా ఇద్దరినీ ఏనాడూ సరిగ్గా గుర్తుపట్టలేదు. అందుచేత మా అమ్మను పిలిపించారు.

4. కంపెనీ వకీలు రెండు ఫోటోలు బల్ల మీద పెట్టి, "పెద్దావిడా, వీటిలో మీ పెద్దమ్మాయి ఎవరు?" అని అడిగారు.

"ఇది కూడా అడగాలా బాబూ? రెండూ అదే. చూడు, ఎంత బాగా నవ్వుతోందో."

"మరి చిన్నమ్మాయి?"

"చిన్నదా? అది ఫోటోలో నవ్వడమా! కెమెరా కనపడితే చాలు, ఎవరో చెయ్యి మెలిపెట్టినట్టు ముఖం పెడుతుంది."

గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వాగలేదు. తమ గుమాస్తా గారు నా వైపు చూసి, "అదిగో సార్, ఇప్పుడు అచ్చం కంపెనీ బొమ్మే" అన్నారు. ఇది రికార్డులోకి ఎక్కినదో లేదో తెలియదు. అమ్మ మాట మాత్రం ఎక్కినది.

నా రేపరు మీది ఫోటోలో నవ్వినది నేనే. మొదటిసారి సబ్బులన్నీ అమ్ముడైన రోజు అది. నవ్వమని ఎవరూ అడగలేదు.

5. అమ్మ ఆఫీసుల మెట్లు ఎక్కి ఎరగదు. కంగారులో చెప్పింది. కనుక ఆమెను ఇంకొకసారి పిలిపించి, నన్ను పక్కనే కూర్చోబెట్టి, నిదానంగా అడిగించవలసినదిగా ప్రార్థన. ఇల్లు గడవడానికి నాకు ఈ పని తప్ప వేరొకటి లేదు.

ఈ మనవిని చిత్తగించి, సరుకు ధ్వంసం కాకమునుపే ఉత్తర్వులు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
కవలలలో చిన్నది

తా.క. అర్జీ మడిచి పెట్టి, అమ్మకు విషయం చెబుదామని గదిలోకి వెళ్లాను. ఇంట్లో మిగిలిన రేపరు ఒకటి కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. "ఇంత మంచి ఫోటో దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ నాకు చూపించలేదేమే? కళ్లు మూసుకుంటే జబ్బుతో మంచం పట్టిన ముఖమే కనపడేది నాకు. కంపెనీ బొమ్మలోది నవ్వమంటే నవ్విన నవ్వు. అది నిజంగా నవ్వితే ఎలా ఉండేదో మర్చిపోయాననుకున్నా" అంది.

"దొరకలేదమ్మా, మొన్ననే దొరికింది" అన్నాను.

కావున అయ్యా, అయిదవ అంశం కొట్టివేయండి. అమ్మను పిలవకండి. నాకు వేరే సాక్షి లేరు.