మీ నాన్న పొగడ్రమ్ము

చిన్నమ్మాయికి, మీ నాన్నా నేనూ ప్రాణాలతోనే ఉన్నాం. ఆ మాట ముందే రాయాల్సి వచ్చింది.

బేకరీవాళ్ళు పారేసిన నూనె డ్రమ్ముతో మీ నాన్న మాంసానికి పొగబెట్టే పొయ్యి చేశారు. డ్రమ్ముకి వంక పెట్టలేను. రుద్ది కడిగి, ఖాళీగా ఓసారి కాల్చి మరీ వాడారు. ఆదివారం పెరట్లో వెలిగించగానే వాన మొదలైంది. మాంసం తడుస్తుందని నిప్పుతో సహా డ్రమ్మును వెనకగదిలోకి ఈడ్చుకొచ్చి, పిల్లి దూరకుండా కిటికీ మూసి, తలుపు కింద గోనె కుక్కి, కాపలా కూర్చున్నారు. ఆ పిల్లికున్న తెలివి ఈయనకుంటే బాగుండేది. నేను తలుపు తోసేసరికి, "తలనొప్పిగా ఉందే, కాస్త పడుకుంటా" అంటూ పక్కకి ఒరిగిపోయారు. వాకిట్లోకి ఎలా లాక్కొచ్చానో నాకే తెలీదు. బొగ్గుల నుంచి వాసన లేని విషగాలి వస్తుందనీ, ఇంకాసేపుంటే దక్కేవారు కాదనీ డాక్టరమ్మ చెప్పింది.

ఈయన మాత్రం "ఈసారి కిటికీ ఓరగా తీస్తాలే" అంటున్నారు. అల్లుడు వెల్డింగు సామానుతో ఒక్కరోజు వచ్చి, ఆ డ్రమ్ముకి కాళ్ళు అతికి, పెరట్లోనే సిమెంటులో పాతెయ్యాలి. పైన ఎత్తుగా రేకు కప్పితే వాన సాకూ ఉండదు. ఈయన మనుషుల మాట వినరు గానీ సిమెంటు మాట వింటారు.

మీ చిన్నదానికి దగ్గు తగ్గిందా? పిల్లలకి నా దీవెనలు.

ఆయన కుర్చీలో కునుకు తీస్తే చాలు, కాఫీ అంటూ తట్టి లేపుతున్నాను. విసుక్కుంటున్నారు. విసుక్కోనీ, ఆ విసుగు వినబడితేనే నాకు ఊపిరాడుతోంది.

అమ్మ