వరుస ప్రార్థనలో నా వంతు

బందరు, 1999 ఆగస్టు, గురువారం రాత్రి

ఈ రోజు స్త్రీల కూడిక మా ఇంట్లో. నిన్న రాత్రంతా చంటాడు దగ్గుతూనే ఉన్నాడు, నాకు కునుకు లేదు. ఆయన అవనిగడ్డ నుంచి శనివారం గాని రారు. అయినా కూడిక వద్దనలేకపోయాను.

ఒకరి తర్వాత ఒకరు చేసే ప్రార్థనలో, కూడిక ఎవరింట్లో అయితే ఆ ఇంటావిడది చివరి వంతు. చంటాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏం చెప్పాలా అనుకుంటున్నాను. పెళ్ళికి ముందు గుడివాడలో సండే స్కూలు చెప్పినదాన్ని, ఇప్పుడు మాటలే దొరకడం లేదు. ఏడాదిగా ఒక్కటే అడుగుతున్నాను, ప్రభువా, నువ్వు నాకిచ్చిన పనేమిటని. ఈ గుడ్డలూ గిన్నెలేనా?

అందరూ ఆమెన్ అనేసరికి మెలకువ వచ్చింది. నేనూ గట్టిగా ఆమెన్ అన్నాను. ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మగారు టీ గ్లాసులు తనే కడిగి పెట్టి వెళ్ళారు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

అందరూ వెళ్ళాక పక్కింటి మరియమ్మక్క చెప్పింది.

"నీ వంతు వచ్చేసరికి నిద్రపోయావమ్మా. లేపబోతే మీ రూతు వద్దని, తనే చేసేసింది."

"ఏమని చేసిందక్కా?"

"యేసయ్యా, రేపు అమ్మ మా మీద అరవకుండా చూడు అంది. అంతే."

ఐదేళ్ళ పిల్ల, అంతమంది ముందు. ఆదివారం గుడికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అది మాత్రం అడిగింది దొరికిపోయినట్టు నిశ్చింతగా నిద్రపోతోంది.

ఏడాదిగా నేనడుగుతున్నదానికి జవాబు ఇదేనా? పొద్దున్నే స్కూలు రిక్షా వచ్చేలోపు దానికి జడలు వెయ్యాలి, పాలు పొంగిపోతాయి, చంటాడు ఏడుస్తాడు. అరవకుండా ఉండడం నా వల్ల అవుతుందా...

ఆమెన్ అందరికంటే గట్టిగా అన్నది నేనే.