షడ్డకుని లాండ్రీ, సదయ్య డిమాండ్లు

కొత్తగూడెం

సదయ్యన్నకు షడ్డకుడు రఘుపతి దండాలు.

ఫోన్ చేస్తే డ్యూటీల ఉన్న అంటున్నవు, ఆదివారం సుత గదే మాట. అందుకే ఉత్తరం. బొగ్గు పట్టిన డ్యూటీ బట్టలు ఇండ్లకాడికెళ్లి తెచ్చి మిషిన్లల్ల ఉతికిచ్చే నా లాండ్రీ నీకు ఎరుకే. పెట్టుబడి పెట్టేటోళ్లు హైదరాబాద్ పిలిచిండ్రు. ఒప్పుకుంటే గోదావరిఖనిల సుత పెడత. లేకుంటే మిషిన్లు అమ్ముకునుడే. నువ్వు యూనియన్ లీడర్‌వి, పెద్దసార్లతోని మస్తుసార్లు కూసున్నవు. ఎట్ల మాట్లాడాలెనో చెప్పు.

నీ తమ్ముడు, రఘుపతి

తా.క.: అత్తమ్మ వాడంత తిరిగి "మా స్టార్టప్ అల్లుడు" అంటుంది. నాకే సిగ్గైతుంది.

గోదావరిఖని

తమ్ముడు రఘుపతికి ఆశీస్సులు.

నాకేం కుళ్లు లేదు. అత్త గోడ మీదున్న నా పెండ్లి ఫోటో తీసేసి అక్కడ నీ ఫోటో పెట్టిందట. పెట్టనీ. ఆ మేకు కొట్టింది నేను. మీ వదిన యమున అన్నం పెట్టుకుంటనే "మా మరిది, మా మరిది" అంటుంది. కూర చేదైతుంది నాకు.

పైసలున్నోళ్లను బతిమాలద్దు. పోంగనే డిమాండ్ల కాయితం టేబుల్ మీద పడెయ్యి. ఉతికేటోళ్లకు లాభాల వాటా, ఆదివారం పనికి డబల్ జీతం, దవాఖాన ఖర్చు. కాదంటే ఆన్నే కింద కూసొని జిందాబాద్ కొట్టు.

మీ సదయ్య

తా.క.: నవ్వద్దు. నవ్వితే మెతకోడు అనుకుంటరు.

కొత్తగూడెం

అన్నా, కొంప మునిగింది.

నువ్వు చెప్పినట్టే చేసిన. ఒకాయన కాయితం చదివి కళ్లద్దాలు తుడుసుకున్నడు. "మా పైసలు తీసుకొని మాకే సమ్మె నోటీసా?" అన్నడు. కింద కూసొని జిందాబాద్ కొట్టిన. తర్వాత చెప్తమని పంపిండ్రు. మీ మరదలు నాతోని మాట్లాడ్తలేదు.

ఏం తోచని రఘుపతి

తా.క.: ఛాయ్ తెచ్చిన అక్క సుత నా పక్కన కూసొని జిందాబాద్ కొట్టింది. ఆమెకు అప్పుడే జీతం పెంచిండ్రు. నాకే ఏం రాలె.

గోదావరిఖని

అయ్యో తమ్ముడా!

నీ ఉత్తరం చదివి రెండు బుక్కలు ఎక్కువ తిన్న, దుఃఖంతోని. యమునను పంపుతున్న, మరదలికి ధైర్యం చెప్తది. మిషిన్లు ఎంతకు అమ్ముతవో ఆమెతోని చెప్పి పంపు.

నీ మంచి కోరే సదయ్య

తా.క.: అత్తకు నేనేం చెప్పలే. ఫోన్ చేసి "రఘుపతి సంగతి నన్ను అడగకు, నా నోటితోని చెప్పలేను" అన్న. గంతే.

కొత్తగూడెం

సదయ్యన్నా, నీ కాళ్లు మొక్కుత!

వాళ్లు ఒప్పుకున్నరు! పోయినోళ్లందరు వాళ్ల లాభమే చెప్పుకుంటరట, ఉతికేటోళ్ల కోసం అడిగింది నేనొక్కన్నేనట. నీ డిమాండ్లన్నిటికి సంతకం పెట్టిండ్రు. "ఇవి రాసినాయన్నే గోదావరిఖని బ్రాంచికి ఇంచార్జి పెట్టు" అన్నరు. నేను ఇంట్ల కూసొని ఆ కాయితంల నీ పేరు రాయబోయిన. వదిన నా చెయ్యి పట్టుకున్నది. "ఆయన ఒకరు బాగుపడితే ఓర్వడు, నేను చూసుకుంట" అన్నది. ఇంచార్జి ఇగ వదినే.

నీ రుణం తీర్చుకోలేని తమ్ముడు, రఘుపతి

తా.క.: వదిన రేపటి బస్సుకు వస్తుంది. పొద్దటి వంట నీది, ఆదివారం బోళ్లు తోముడు నీదే అని డిమాండ్ల కాయితం రాసుకున్నది. కాదంటే మీ వంటింట్ల కింద కూసొని జిందాబాద్ కొడ్తదట. యూనియన్ లీడర్‌వి, ఏ దిక్కు కూసుంటవో నువ్వే ఆలోచించుకో అన్నా.